ఋషి ఋణం తీర్చుకున్న బడిపంతులు

మానవుడు పుట్టుకతోనే ఋణగ్రస్తుడని మన శాస్త్రాలు చెబుతున్నాయి. తైత్తిరీయ సంహిత మూడు ఋణాలను పేర్కొన్నది. బ్రహ్మచర్యం చేత ఋషుల ఋణం, యజ్ఞం చేత దేవతల ఋణం, సంతానం చేత పితృదేవతల ఋణం తీరుతాయని దాని తాత్పర్యం. మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు ఈ విషయాన్నే విస్తరించి, మనుష్యులందరూ నాలుగు ఋణాలతో పుడతారనీ, నాలుగవది తోటి మానవుల పట్ల ఋణమనీ చెబుతాడు. కాబట్టి ఇది ఏ ఒక్క వర్ణానికో, ఏ ఒక్క ఆశ్రమానికో సంబంధించిన విషయం కాదు. ఇల్లు, వాకిలి, పిల్లాపాపలు ఉన్న ప్రతి గృహస్థుకూ సంబంధించినదే.

నేను హైదరాబాదులోని మాదాపూర్ ప్రాంతంలో ఒక ఆలయంలో అర్చకత్వం చేస్తున్నాను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికే ఇక్కడ ఉన్నాను. నాడు రాళ్లగుట్టలుగా ఉన్న ఈ నేల నేడు ఆకాశాన్ని అంటే అద్దాల మేడలతో నిండిపోయింది. వానితో పాటు మా ఆలయానికి వచ్చే భక్తుల సంఖ్య కూడా పెరిగింది. దైవభక్తి తగ్గిపోయిందని వాపోయేవారితో నేను ఏకీభవించలేను. రాత్రంతా కంప్యూటరు ముందు పనిచేసి, తెల్లవారుజామున సుప్రభాత సేవకు వచ్చి నిలబడే యువకులను నేను చూస్తున్నాను. అమెరికాలో ఉండి ఇక్కడి తల్లిదండ్రుల పేరిట అర్చన చేయించేవారున్నారు. దేవ ఋణం విషయంలో మనవారు వెనుకబడలేదు. పితృ ఋణం సంగతీ అంతే. సెలవు పెట్టుకుని, భోక్తలను వెతుక్కుని, తద్దినం యథావిధిగా పెడుతున్న కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి.

మరి ఋషి ఋణం మాటేమిటి? దానిని గురించి నన్ను అడిగినవారు ఈ ఇన్నేళ్లలో ఇద్దరో ముగ్గురో. శ్రావణ పౌర్ణమినాడు ఉపాకర్మకు వచ్చి, జంధ్యం మార్చుకుని, ఋషి తర్పణం విడిచి వెళ్లిపోతే అది తీరిపోయినదని చాలామంది అభిప్రాయం. తర్పణం ఆ ఋణాన్ని గుర్తుచేసే కర్మ. ఋణం తీరడం అనేది వేరు. మనకు పూర్వులు ఇచ్చిన జ్ఞానాన్ని నేర్చుకోవాలి. నేర్చుకున్నదానికి మన శక్తి కొలది ఇంత చేర్చాలి. చేర్చినదానిని తరువాతివారి చేతిలో పెట్టాలి. ఈ మూడూ జరిగినప్పుడే ఋషులు తృప్తి చెందుతారు. ఒక మహనీయుని దీర్ఘజీవితం ఈ సత్యాన్ని నాకు బోధపరచింది. ఆయన పీఠాధిపతి కారు, ఆశ్రమవాసి కారు. పాలమూరు జిల్లాలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉపాధ్యాయుడు. వారే కీర్తిశేషులు కపిలవాయి లింగమూర్తి గారు.

మేస్త్రీ అడిగిన ప్రశ్న

లింగమూర్తి గారిని దర్శించుకునే భాగ్యం నాకు కలుగలేదు. వారి గ్రంథమే నాకు వారిని పరిచయం చేసింది. దానికి కారణం ఒక తాపీమేస్త్రీ.

ఈ ప్రాంతంలోని భవనాలలో పాలమూరు శ్రామికుల చెమట చిందని భవనం అరుదు. మా ఆలయం పక్కన ఒక పెద్ద కట్టడం జరుగుతున్న రోజులలో, పని ముగిసిన తరువాత కాళ్లు కడుక్కుని దర్శనానికి వచ్చే మేస్త్రీ ఒకడుండేవాడు. ఒకనాడు కొడుకు పేరిట అర్చన చేయమన్నాడు. గోత్రం అడిగాను.

"గోత్రం యాదికి లేదు అయ్యగారూ. మాది అచ్చంపేట దిక్కు. మా దేవుడు ఉమామహేశ్వరుడు. గుట్ట మీద ఉంటడు. ఆ దేవుని కత మా తాత మంచిగ చెప్పేటోడు. నాకు సగమే తెలుసు. నా కొడుకుకు ఆ సగం గూడ తెల్వదు. మీరు చదువుకున్నోళ్లు గద, మిగిలిన సగం మీరు చెప్పుండ్రి."

నాకు నాలుక పిడచకట్టుకుపోయింది. గురుకులంలో పన్నెండేళ్లు వేదాధ్యయనం చేసినవాణ్ణి. కాశీక్షేత్ర మాహాత్మ్యం అడిగితే గంటసేపు చెప్పగలను. నల్లమల కొండలలో ఉన్న ఉమామహేశ్వరం, శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పెద్దలు చెప్పే క్షేత్రం, హైదరాబాదు నుండి ఒక పూట ప్రయాణంలో ఉన్నది. దాని కథ నాకు తెలియదు. "తెలుసుకుని చెబుతాను నాయనా" అని అప్పటికి పంపించాను.

పాలమూరు నుండి వచ్చే మరొక భక్తుని అడిగితే, ఆయన తన ఇంట ఉన్న ఒక పుస్తకం తెచ్చి ఇచ్చారు. అది కపిలవాయి లింగమూర్తి గారు రచించిన 'పాలమూరు జిల్లా దేవాలయాలు'. ఆ రాత్రి పవళింపు సేవ అయిన తరువాత కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నా అజ్ఞానానికి సిగ్గుపడ్డాను. మనకు దాపునే, మన భాషలోనే, మన కాలంలోనే ఒక ఉపాధ్యాయుడు ఇంత పని చేసి ఉంచితే నేను దానిని చూడనే లేదు గదా అని చింతించాను.

అడవి అంచున పుట్టిన అక్షరం

లింగమూర్తి గారు 1928 మార్చి 31న అచ్చంపేట సమీపంలోని జినుకుంట గ్రామంలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి, నల్లమల అడవుల మధ్య ఉన్న అమ్రాబాదులో మేనమామ ఇంట పెరిగారు. అది నిజాం పరిపాలన సాగుతున్న కాలం. ప్రభుత్వ పాఠశాలలలో ఉర్దూదే పైచేయి. తెలుగు చదువుకోవాలంటే ఇంటి పెద్దల దగ్గరో, ఊరి పంతులు దగ్గరో చదువుకోవాలి. తెలంగాణలో కవులే లేరన్న నిందకు సమాధానంగా, ఆ పాలమూరు గడ్డ మీదనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను 1934లో వెలువరించవలసి వచ్చిన రోజులవి. అటువంటి కాలంలో, అటువంటి చోట, తండ్రి లేని పిల్లవాడు తెలుగు, సంస్కృతాలను ఆశ్రయించి పండితుడు కావడం సామాన్యమైన విషయం కాదు.

ఆ తరువాత వారు నాగర్‌కర్నూలులో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులుగా, ఆ సమీపంలోని పాలెం ప్రాచ్య కళాశాలలో తెలుగు అధ్యాపకులుగా పనిచేశారు. 1983లో, 55 ఏళ్ల వయసులో, పదవీ విరమణ పొందారు. 2018 నవంబరు 6న, దీపావళికి ముందురోజున, పరమపదించారు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న కాలాన్ని పాఠకులు ఒకసారి లెక్కించండి. 35 సంవత్సరాలు! ఒక ఉద్యోగి జీవితకాలమంతా చేసే ఉద్యోగం కంటె ఎక్కువ కాలం. ఆ కాలమంతా ఆయన కలం వాడుతూనే ఉన్నారు. డెబ్బైకి పైగా గ్రంథాలు రచించారు. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం 2014లో వారికి గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. అప్పటికి వారి వయస్సు 86 సంవత్సరాలు.

'విశ్రాంత ఉపాధ్యాయుడు' అన్న మాట మనం తరచుగా వాడతాము. జీతం తీసుకునే ఉద్యోగానికి విశ్రాంతి ఉండవచ్చును. ఉపాధ్యాయత్వానికి విశ్రాంతి ఎక్కడిది? తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి మనిషి ఆచరించవలసిన ధర్మాలను ఒక్కొక్కటిగా చెబుతూ, ప్రతిదానితోనూ స్వాధ్యాయ ప్రవచనాలను జతచేస్తుంది. అంటే, నీవు ఏ ధర్మం ఆచరిస్తున్నా సరే, చదవడమూ, చదివినది చెప్పడమూ మానరాదని. ఇన్నేళ్లకే మానవచ్చునని అందులో గడువు లేదు. లింగమూర్తి గారి చివరి 35 ఏళ్లు ఆ ఉపదేశానికి వ్యాఖ్యానం వంటివి.

చిన్న గుడికి దక్కిన పెద్ద గౌరవం

వారి గ్రంథాల పేర్లు చూస్తేనే వారి మనస్సు ఎటు ప్రవహించిందో తెలుస్తుంది. 'శ్రీమత్ప్రతాపగిరి ఖండం' తాము పెరిగిన అమ్రాబాదు సీమను గురించినది. మామిళ్లపల్లి మాహాత్మ్యం, సోమేశ్వర క్షేత్ర మాహాత్మ్యం వంటివి ఆ చుట్టుపక్కల క్షేత్రాల మహిమను తెలిపేవి. 'సాలగ్రామ శాస్త్రం', 'మాంగళ్య శాస్త్రం' మన పూజామందిరాలకు, మన ఇంటి ఆడపడుచుల సౌభాగ్యానికి సంబంధించినవి. ఇవిగాక తిరుమలేశ శతకం, దుర్గా శతకం, భర్గ శతకం, ఆర్యా శతకం మొదలైన పద్యరచనలు ఉన్నాయి. చిత్రకవిత్వంలోనూ వారు దిట్ట. అక్షరాలను ఒక నియమంలో కూర్చి, ఆ కూర్పులోనే భగవంతుని స్తుతించడం ఆ ప్రక్రియ లక్షణం. కొందరికది గారడీగా తోచవచ్చును. అర్చకునిగా నాకు మాత్రం పూలమాల కట్టడం వలె తోస్తుంది. ఏ పువ్వు పక్కన ఏ పువ్వు ఉండాలో చూసి కట్టేవాని వేళ్లు పని చేస్తుంటే, మనస్సు స్వామి మీద నిలుస్తుంది.

పాలమూరు సీమలో అలంపురం వంటి మహాక్షేత్రాలున్నాయి. బాదామి చాళుక్యులు నిర్మించిన నవబ్రహ్మాలయాలను గురించి చరిత్రకారులు, పురావస్తు పండితులు ఎంతో వ్రాశారు. చిన్న ఊళ్లలో, వాగు ఒడ్డున, గుట్ట కొమ్మున ఉన్న గుళ్లను గురించి ఎవరు వ్రాస్తారు? అక్కడ శాసనం ఉన్నా చదివేవారుండరు. అర్చకుడు ముసలివాడైపోతాడు. అతని కొడుకు పట్నంలో ఉద్యోగం వెతుక్కుంటాడు. ఆ స్వామి అక్కడ ఎట్లా వెలిశాడో, తొలి నైవేద్యం ఎవరు పెట్టారో, జాతరనాడు పల్లకి ఎందుకు ఫలానా వాడలో ఆగుతుందో చెప్పగలిగిన ఒక్క ప్రాణి ఆ ముసలి అర్చకుడే. ఆయన వెళ్లిపోతే కథ ఆయనతోనే వెళ్లిపోతుంది. అటువంటి గుళ్లకు ఒక పద్యమో, ఒక పుటో దక్కేటట్లు చేయడం లింగమూర్తి గారు చేసిన పుణ్యం.

వారి 'పామర సంస్కృతం' నాకు మరీ ఇష్టమైనది. అక్షరం రానివారి నోట కూడా సంస్కృత పదాలు నలిగి, ఒదిగి, బ్రతికే ఉన్నాయన్న దృష్టి ఎంత గొప్పది! మా వీధిలో కూరగాయలమ్మే అవ్వ కష్టం వచ్చినప్పుడు "నా గాచారం" అంటుంది. అది గ్రహచారమే కదా. ఋషుల మాట గురుకులంలో మాత్రమే లేదు. ఆ అవ్వ నోట కూడా ఉన్నది. ఆ దృష్టి కలిగినవాడే మేస్త్రీ తాత చెప్పిన కథకు కూడా విలువ కట్టగలడు.

రాళ్లకు అంకెలు వేయవచ్చు, కథలకు వేయలేము

ఇక్కడ వేదవిద్యార్థిగా ఒక మాట మనవి చేస్తాను. వేదం వేల ఏళ్లుగా అక్షరం చెక్కుచెదరకుండా ఎట్లా నిలిచింది? పదపాఠం, క్రమపాఠం, జట, ఘన అని మన పూర్వులు పెట్టుకున్న కట్టుబాట్ల వలన నిలిచింది. ఒకే పదాన్ని ముందుకు, వెనుకకు, మరల ముందుకు చదివి, స్వరం తప్పకుండా శిష్యుని నోట నిలిపారు. ఐక్యరాజ్యసమితి వారి యునెస్కో సంస్థ 2003లో మన వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి మౌఖిక వారసత్వంలోని మహత్తర సంపదగా ప్రకటించింది. 2008లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. వేదానికి ఘనపాఠీలున్నారు. మరి ఊరి గుడి కథకు ఘనపాఠీ ఎవరు? అమ్మమ్మ పాడిన మంగళహారతికి క్రమపాఠం ఎక్కడున్నది? వానికి ఏ రక్షణా లేదు. ఒక తరం అడగడం మానితే చాలు, మరుసటి తరానికి అవి లేవు.

శ్రీశైలం జలాశయం నిర్మించినప్పుడు కృష్ణాతీరంలో ఎన్నో గ్రామాలు, ఆలయాలు మునుగుతాయని తెలిసి, కొన్ని ఆలయాలను విప్పి వేరొకచోట పునర్నిర్మించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అట్లే అలంపురానికి తరలివచ్చింది. ప్రతి రాయికీ అంకె వేసి, ఆ అంకెల వరుసనే తిరిగి పేర్చారు. ఆ శ్రద్ధకు చేతులెత్తి నమస్కరించాలి. కానీ ఊరు చెదిరిపోయి, జనం తలొక దిక్కుకు వెళ్లిన తరువాత, వారి నోళ్లలో ఉన్న కథలకు, పాటలకు, ఆచారాలకు అంకెలు వేసినవారెవరు? ఆ పని చేయవలసినది ఇంజనీర్లు కారు. లింగమూర్తి గారి వంటి ఉపాధ్యాయులే చేయాలి. వారు చేశారు.

ఇప్పుడు మన ఐటీ నగరానికి వద్దాం. ఇక్కడ కూడా ఒక ముంపు నడుస్తూనే ఉన్నది. నీటి ముంపు కాదు కనుక మనకు కనబడడం లేదు. కొడుకులు, కోడళ్లు ఇక్కడ ఉద్యోగాలు చేస్తుండగా, వందల ఊళ్ల నుండి పెద్దలు వచ్చి ఈ మేడలలో నివసిస్తున్నారు. వారిలో పదవీ విరమణ చేసిన పంతుళ్లు, పంతులమ్మలు ఎందరో. ఒక్కొక్కరి మనస్సులో ఒక్కొక్క ఊరున్నది. వారిని అడిగేవారు లేరు. ఇది నేను పరులను నిందించడానికి చెప్పడం లేదు. ఈ దోషం మొదట నాదే.

నేను చేసిన అపరాధం

కొన్నేళ్ల క్రిందట మా ఆలయానికి ప్రతి ఉదయం ఒక పెద్దాయన వచ్చేవారు. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసినవారు. ఎనభై దాటిన వయస్సు. కొడుకు దగ్గర పదునాలుగవ అంతస్తులో ఉండేవారు. ధ్వజస్తంభం దగ్గర కాసేపు కూర్చుని, సన్నని గొంతుతో ఏదో ఒక హారతి పాట పాడుకుని వెళ్లేవారు. అవి తమ తల్లిగారు పాడిన పాటలని ఒకసారి చెప్పారు.

ఒక కార్తికమాసం చివర, పసుపు గుడ్డలో చుట్టిన మూడు పొడవు నోటు పుస్తకాలు తెచ్చి చూపించారు. తమ ఊరి వేణుగోపాలస్వామి స్థలపురాణం, తల్లి పాడిన పాటలు, తాము ఆ స్వామి మీద అల్లిన పద్యాలు వ్రాసి ఉంచారట. "పంతులుగారూ, స్థలపురాణంలో మా పాత పూజారి చెప్పిన శ్లోకాలు కొన్ని ఉన్నాయి. నేను విన్నంతవరకు వ్రాశాను. తప్పులుంటే మీరు దిద్దాలి. నాకు తొందరేమీ లేదు" అన్నారు.

"ధనుర్మాసం వస్తున్నది గదా మాస్టారూ, తీరిక ఉండదు. అది వెళ్లనీయండి" అన్నాను. ఆయన నవ్వి, పుస్తకాలను మళ్లీ గుడ్డలో చుట్టుకున్నారు. ధనుర్మాసం వెళ్లింది. తరువాత శివరాత్రి హడావిడి వచ్చింది. నేను అడగలేదు. ఆయన మళ్లీ గుర్తుచేయలేదు. ఫాల్గుణంలో ఆయన కాలం చేశారు.

పన్నెండవ రోజు కర్మ ముగిసిన తరువాత వారి అబ్బాయిని ఆ పుస్తకాలను గురించి అడిగాను. అతని ముఖం పాలిపోయింది. మైలగది శుభ్రం చేసే సమయంలో పాత కాగితాలన్నీ పేపర్లవానికి వేసేశారట. "బడి లెక్కలనుకున్నామండీ" అని తలవంచుకుని ఏడ్చాడు. ఆ పిల్లవాణ్ణి ఏమనగలను? తండ్రికి కర్మలో ఏ లోటూ చేయలేదు. దశదానాలు ఇచ్చాడు, అన్నసంతర్పణ చేశాడు. పితృ ఋణం తీర్చుకోవడానికి సర్వం చేశాడు. ఋషి ఋణం ఒకటున్నదని అతనికి చెప్పవలసిన వృత్తిలో ఉన్నది నేను. ఆ మూడు పుస్తకాలు నా ముందుకు వచ్చినప్పుడు 'తరువాత' అన్నదీ నేనే.

ఆ హారతి పాటలలో ఒకదాని వరుస నాకు ఇంకా జ్ఞాపకమున్నది. మాటలు జ్ఞాపకం లేవు. ఏకాంత సేవ వేళ ఆ వరుస నోటికి వచ్చినప్పుడెల్లా మనస్సు కలుక్కుమంటుంది.

సందేహాలు, సమాధానాలు

ఈ మాటలు చెప్పినప్పుడు భక్తులు కొన్ని సందేహాలు వెలిబుచ్చుతుంటారు. "మా నాన్నగారు లింగమూర్తి గారంతటి పండితులు కారు గదా" అన్నది మొదటిది. నిజమే, కాకపోవచ్చును. లింగమూర్తి గారు ఒక సీమకంతటికీ పనిచేశారు. మీ నాన్నగారు ఒక వీధికి చాలు. ఇంటి దీపం వీధికంతటికీ వెలుగు ఇవ్వనక్కరలేదు.

"స్థలపురాణాలు కట్టుకథలు, అవి చరిత్రకు నిలబడవు" అన్నది రెండవది. చరిత్ర పరిశీలన చేసేవారు తప్పక చేయాలి. ఏది శాసనం చెప్పినది, ఏది జనం చెప్పుకునేది అని వేరు చేసి వ్రాసుకుంటే ఏ చిక్కూ లేదు. వ్రాసి ఉంచినదానినే కదా రేపటి పండితుడు పరీక్షించగలడు! లేనిదానిని నిజమనీ అనలేము, అబద్ధమనీ అనలేము.

"మనుమలకు తెలుగు చదవడం రాదు, ఎవరి కోసం వ్రాయాలి?" అన్నది మూడవది, బరువైనది. దీనికి నా సమాధానం ఒక్కటే. నిజాం కాలంలో అమ్రాబాదు అడవిలో తండ్రి లేని ఒక బాలుడు తెలుగు, సంస్కృతాలలో పండితుడై డెబ్బై గ్రంథాలు వ్రాస్తాడని నాడు ఎవరైనా చెప్పగలిగేవారా? నేర్చుకునేవాడు ఏ తరంలో, ఏ ఇంట పుడతాడో మనకు తెలియదు. వాడు పుట్టి, వెతికిన నాడు వానికి దొరకడానికి ఏదో ఒకటి ఉండాలి. అది ఉంచడం వరకే మన పని.

మనం చేయదగినది

ఆషాఢ పౌర్ణమి వ్యాసపూర్ణిమ. ఆనాడు గురువులకు పండ్లు, వస్త్రాలు ఇచ్చి నమస్కరిస్తాము. ఇకమీదట ఇంట్లోని పెద్దల చేతికి ఒక కొత్త నోటు పుస్తకం, ఒక కలం కూడా ఇవ్వండి. వ్రాయలేనివారైతే వారు చెబుతుండగా మీరు వ్రాయండి. భాద్రపదంలో మహాలయ పక్షం వస్తుంది. తద్దినం నాడు భోజనాలైన తరువాత అందరూ వెంటనే లేచిపోకుండా ఒక గంట కూర్చుని, ఆ పితృదేవత జీవితంలోని ఒక సంఘటన పెద్దలచేత చెప్పించుకోండి.

ఏమి అడగాలో తెలియదంటారా? అయిదు విషయాలు చాలు. మన ఊరి దేవుడెవరు, ఎట్లా వెలిశాడు? ఆ స్వామికి ఏ తిథినాడు ఏ ఉత్సవం, ఏ నైవేద్యం? మన ఇంట ఏ పాట, ఏ స్తోత్రం, ఎవరి నోట వచ్చింది? మనకు చదువు చెప్పిన తొలి గురువు ఎవరు? మన ఇంటి ఆచారాలలో కారణం తెలిసినవి ఏవి, తెలియనివి ఏవి? ఈ అయిదింటికి జవాబులు వ్రాసుకున్న ఇల్లు ఋషి ఋణంలో తొలి వాయిదా చెల్లించినట్లే.

మా ఆలయంలో నిరుటి గురుపౌర్ణమి నుండి ప్రతి ఏకాదశి సాయంకాలం ఈ పని ప్రారంభించాము. మంటపంలో ఒక చాప, ఒక చిన్న బల్ల వేస్తాము. పెద్దలు చెబుతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే నలుగురు పిల్లలు సెల్‌ఫోనులో ఆ మాటలు పట్టి, తీరిక వేళల్లో తెలుగులో అచ్చు కొట్టి, ఒక ప్రతి ఆ ఇంటికి, ఒక ప్రతి ఆలయానికి ఇస్తారు. ఇప్పటికి పదకొండు ఇళ్లవారివి పూర్తయ్యాయి. ఒక పెద్దమ్మగారు తమ ఊరి అమ్మవారికి పెట్టే పులిహోర కొలతలతో సహా చెప్పారు. శేరుకు ఎంత చింతపండు అన్నదాని మీద ఆమెకూ, ఆమె ఆడపడుచుకూ చిన్న వాదన కూడా జరిగింది. రెండు లెక్కలూ వ్రాశాము.

మొదట చెప్పిన మేస్త్రీ కట్టడం ముగిసి వేరొక చోటికి వెళ్లినా, ఒక ఏకాదశినాడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. లింగమూర్తి గారి పుస్తకంలో వారి సీమను గురించి ఉన్న భాగం అతనికి చదివి వినిపించి ఉన్నాను. ఆ వృద్ధురాలు వింటూ వింటూ, "కాదయ్యా, మా అత్త ఇట్ల చెప్పేది" అని మరొక విధంగా చెప్పింది. అది కూడా వ్రాశాము. ఆమెకు అక్షరం రాదు. ఆమె కొడుకు అద్దాల మేడలు కడుతున్నాడు. మనుమడు చదువుకుంటున్నాడు. ఆ రోజున ఆ ముగ్గురూ ఒకే కథ చుట్టూ కూర్చున్నారు.

మన తెలుగులో బడిలో చదువు చెప్పేవారినీ పంతులుగారు అంటాము, గుడిలో పూజ చేసేవారినీ పంతులుగారు అంటాము. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే బాధ్యత అని ఆ పిలుపు చెబుతున్నట్లున్నది. నాగర్‌కర్నూలు బడిపంతులు తన బాధ్యత తొంభై ఏళ్ల వయసు వరకు నెరవేర్చి వెళ్లారు. మాదాపూర్ గుడిపంతులు ఆలస్యంగా మేల్కొన్నాడు. ఈ వ్యాసం చదివే గృహస్థులు నాకంటె ముందుగా మేల్కొనాలని కోరుకుంటున్నాను. ఇంట్లో పెద్దలు ఏదైనా వ్రాసి ఉంచారేమో ఈ ఆదివారమే అడగండి. పసుపు గుడ్డలో చుట్టినది ఏదైనా ఉంటే విప్పి చూడండి. 'తరువాత' అనవద్దు.

లింగమూర్తి గారి వంటి గురువుల ఆశీస్సు, మన ఊరూరి దేవతల అనుగ్రహం ప్రతి ఇంటా నిలుచుగాక. స్వస్తి.